తెర మీద పొందూరు పంచె

కంప్యూటర్‌లో చేసే పనికి కొత్త పరికరం ఏదైనా వచ్చిందని తెలిస్తే చాలు, నాకు అన్నం సయించదు. వెంటనే దాన్ని పట్టుకుని చూడాలి, దానితో ఏదో ఒకటి చేసి పారెయ్యాలి, చేసింది ఎవరో ఒకరికి చూపించాలి. చూపించడానికి మా వదిన ఎప్పుడూ పక్కనే ఉండేది. నా పిచ్చి ఆవిడకు అంటుకుందో, ఆవిడది నాకు అంటుకుందో ఇప్పటికీ తేలలేదు.

శ్రీకాకుళం బజారులో మాది బట్టల కొట్టు. కింద గల్లా దగ్గర నాన్న, ఆయన పక్కన అన్నయ్య. మేడ మీద సరుకు దాచుకునే గది ఒకటుంది. పట్టుబట్టి, రెండు రోజులు అలిగి, ఆ గది ఖాళీ చేయించుకుని నేనూ వదినా ప్రకటనలూ వెబ్‌సైట్లూ చేసిపెట్టే మా ఏజెన్సీ తెరిచాం. వదిన ఎచ్చెర్లలో యూనివర్సిటీలో కంప్యూటర్లు చదువుకుంది. నేను బొమ్మలూ రంగులూ అక్షరాలూ చూసుకుంటాను, ఆవిడ వాటిని తెర మీద కదిలిస్తుంది. క్రియేటివ్ ఏజెన్సీ అని బోర్డు పెట్టిన మొదటి వారంలో మెట్లెక్కి వచ్చిన మొదటి మనిషి గ్యాసు బండ ఎప్పుడొస్తుందని అడిగాడు. నేను మొహం మాడ్చుకుంటే వదిన ఆయనకు మంచినీళ్ళిచ్చి పంపింది.

తర్వాత పనులు మెల్లగా వచ్చాయి. మా దగ్గర ట్రెండు అంటే ఏమిటో చెప్పనా? హైదరాబాదులో వాళ్ళు వదిలేసింది కాదు. ఇవాళ ఎక్కడో ఎవరో చేసింది మేం ఇవాళే ఫోన్‌లో చూస్తాం, రేపు చేసి చూస్తాం. చిక్కంతా కొనేవాళ్ళతోనే. విజయనగరం మిఠాయి కొట్టాయన ఒకాయనకు వెబ్‌సైటు చేశాం. తెల్లగా, విశాలంగా, మధ్యలో ఒక్కటంటే ఒక్క లడ్డూ. నాకైతే కళ్ళు చెమర్చాయి దాన్ని చూసి. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి, ఇంత జాగా ఊరికే వదిలేశారేమిటమ్మా అని వాళ్ళ తాతగారి ఫొటో, బావమరుదుల ఫొటోలు, కొట్టు ప్రారంభోత్సవం నాటి గ్రూపు ఫొటో వాట్సాప్‌లో పంపించాడు. అన్నీ పెట్టించే దాకా వదల్లేదు. లడ్డూ ఆ జనం మధ్యలో ఎక్కడో ఉండిపోయింది.

ఆ తర్వాత ఏఐ వచ్చింది. అబ్బో, ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఒక్క వాక్యం రాస్తే నాలుగు బొమ్మలు! వదినా నేనూ ఒక కుర్చీలో ఇద్దరం ఇరుక్కుని కూర్చుని, ఇంకొకటి అడుగు, ఇంకొకటి అడుగు అంటూ మధ్యాహ్నం భోజనాలు మరిచిపోయేవాళ్ళం. రామతీర్థం వైపు మామిడి తోట ఉన్న రైతు ఒకాయన డబ్బాల మీదికి బొమ్మ కావాలంటే నిమిషంలో తీసి పంపాం. ఆయన ఫోన్ చేసి, చాలా బాగుందమ్మా, కానీ మా తోటలో కాయలు కిందికి వేలాడతాయి అన్నాడు. చూద్దుం కదా, మామిడికాయలన్నీ కొమ్మల మీద నిటారుగా నిలబడి ఉన్నాయి. పడీపడీ నవ్వుకుని మళ్ళీ చేశాం. ఇలాంటివి మాకు పరువు తక్కువ అనిపించేవి కావు. నేర్చుకుంటున్నాం అనుకునేవాళ్ళం.

నాన్నకు మాత్రం ఓపిక అయిపోయింది. దసరా సరుకు దించుకోవడానికి చోటు చాలక మూటలు వసారాలో పెట్టాల్సి వచ్చేసరికి, ఒకరోజు భోజనాల దగ్గర నిదానంగా చెప్పేశారు. చెప్పుకోదగ్గ పని ఒక్కటి, నలుగురూ గుర్తించేది ఒక్కటి తెచ్చుకోండి, లేదా దీపావళికల్లా గది ఖాళీ చేసి ఇవ్వండి అని. గది పోతే ఏజెన్సీ పోయినట్టే. వదిన కింద కౌంటర్లో జాకెట్టు ముక్కలు చూపించుకోవాలి, నేను ఏ విశాఖపట్నం కంపెనీలోనో మూల సీటు వెతుక్కోవాలి. 

సరిగ్గా ఆ వారంలోనే పొందూరు నుంచి కబురొచ్చింది. అక్కడ ఖద్దరు నేసేవాళ్ళూ నూలు వడికేవాళ్ళూ కలిసి నడుపుకునే ఒక చిన్న సంఘం ఉంది. వాళ్ళ బట్ట నాన్న కొంటారు, అలా సెక్రటరీ గారు మాకు తెలుసు. వాళ్ళు తమ బట్టను ఆన్‌లైన్‌లో పెట్టాలనుకుంటున్నారు. విశాఖలో పెద్ద కంపెనీ ఒకటి అప్పటికే వాళ్ళకు రంగురంగుల నమూనా పంపించింది. సెక్రటరీ గారు మాత్రం మా వాళ్ళ ముందు మీరూ ఒకటి చూపించండమ్మా అన్నారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. తెర మీద చూసి, ఇది మన బట్టే అని సంఘం వాళ్ళు అనాలి. అంటే పని మీది.

నేను ఎగిరి గంతేశాను. వదిన మెట్ల మీదే నన్ను వాటేసుకుంది.

ఆయనిచ్చిన నమూనా ఒక పంచె. దాని పేక నూలంతా, అంటే అడ్డంగా వేసే దారమంతా, సంఘంలోని ఒక ముసలి మామ్మే వడికిందట. ఫోన్‌లో దాన్ని వేలితో తిప్పగలగాలి, గాలికి ఊగాలి, దగ్గరికి లాగితే పోగు పోగూ కనబడాలి. అదీ నా పట్టుదల. మా పనిలో దానికి ఒక పద్ధతి ఉంది. బట్టలో నాలుగు వేళ్ళ మేర ముక్కను మంచి వెలుతురులో ఫొటో తీస్తాం. అంచులు కలిసేలా సర్దుతాం. గచ్చు మీద టైల్స్ పరిచినట్టు దాన్నే పక్కపక్కన పరిచేస్తే మొత్తం బట్ట అయిపోతుంది. అందరూ అలాగే చేస్తారు, మేమూ అలాగే చేశాం. వారం తిరగకుండా పంచె తయారైంది. తెర మీద అది ఊగుతుంటే, నిజం చెబుతున్నాను, నా కాళ్ళు నేల మీద ఆనలేదు. నాన్నను పిలుచుకొచ్చి చూపించాను. ఆయన అలవాటు కొద్దీ బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఫోను అద్దాన్ని రుద్ది చూశారు. తర్వాత ఆయనకే నవ్వొచ్చింది.

ఆదివారం పొద్దున్న పొందూరు వెళ్ళాం. సంఘం హాల్లో నూలు వడికే ఆడవాళ్ళు ఓ ఇరవై మంది చాపల మీద కూర్చున్నారు. గోడ మీద పడేలా ప్రొజెక్టరు పెట్టాం. పంచె విప్పుకుని ఊగింది. అందరూ ఓలమ్మా అన్నారు. నేను గర్వంగా వదిన వైపు చూసి, వేళ్ళతో బట్టను దగ్గరికి లాగాను. ఇంకా దగ్గరికి. గోడ మీద పోగు పోగూ విడివిడిగా కనబడింది. అప్పుడు ఆ నూలు వడికిన మామ్మ చాప మీంచి లేచింది. గోడ దగ్గరికంటా వెళ్ళి, దారం కాస్త లావుగా ఉబ్బిన ఒక ఉండ మీద వేలు పెట్టింది. అక్కణ్ణుంచి జానెడు జరిగి ఇంకో ఉండ మీద పెట్టింది. ఇంకో జానెడు జరిగింది. గోడ చివరి దాకా నడిచింది.

"ఈ ఉండ నాదే. నా సేతిలో పడ్డదే," అంది మా వైపు తిరిగి. "గానీ ఒకే ఉండ ఇన్ని తేపలు నానెలాగ ఏస్తాను సెప్పు?"

 నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది, కానీ నా కోపం ముక్కు మీదే ఉంటుంది కదా. కొనేవాళ్ళు అంత దగ్గరగా ఎవరు చూస్తారు మామ్మా అన్నాను. వదిన వెనక నుంచి గిల్లింది, అయినా ఆగలేదు, అన్నేశాను.

"ఎవులూ సూడకపోతే మరి దగ్గరికి లాగి సూపించడమెందుకే," అంది మామ్మ. గట్టిగా కూడా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

 సెక్రటరీ గారు ఇబ్బందిగా కదిలి, వచ్చే ఆదివారం ఇంకోసారి రండమ్మా, ఆ మర్నాడు విశాఖ వాళ్ళకి మాట చెప్పెయ్యాలి అన్నారు. అంటే వారం. వారంలో కుదరకపోతే గది నాన్నది.

మామ్మ మా మీద కోపం పెట్టుకోలేదు. ఇంటికి రండి, కాసిన్ని మజ్జిగ తాగి వెళ్ళండి అని తీసుకెళ్ళింది. అక్కడ పని చూశాం. బట్టల కొట్లో పుట్టి పెరిగానన్న మాటే గానీ అదంతా నాకు తెలియదు. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతుంది. చిన్న చిన్న పళ్ళుంటాయి దానికి, దువ్వెన పనికి వస్తుంది. దువ్విన పత్తిని వత్తుల్లా చుట్టి ఏకులు చేసి రాట్నం ముందు కూర్చుంటుంది. ఎడం చెయ్యి వెనక్కి వెళ్తుంటే దారం పుట్టుకొస్తుంది. వడుకుతూనే మాట్లాడుతుంది, దగ్గుతుంది, కోడల్ని కేకేస్తుంది. కేకేసినప్పుడు దారం ఒక పిసరు మారుతుంది. నేను కళ్ళార్పకుండా చూశాను. చూస్తున్న కొద్దీ నా ఏడుపు మొహం పోయి ఇంకేదో ఉత్సాహం వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఆటోలో వదినతో, మొత్తం పంచె ఫొటో తియ్యాలి, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒక్క పోగు కూడా మళ్ళీ రాకూడదు అన్నాను. ఆవిడ అప్పటికే వేళ్ళ మీద ఏవో లెక్కలు కడుతోంది. "కంప్యూటర్ తప్పేటీ లేదు. మనమే బద్దకించేం," అంది.

చెప్పడం తేలిక. నాలుగు గజాలకు పైగా ఉన్న బట్టను ముక్క ముక్కగా తీసి అతుకు తెలియకుండా కలపాలి. మధ్యాహ్నం బేరాలు పల్చబడినప్పుడు కింద కొట్లో కొలిచే బల్ల మీద పంచె పరిచి, పైన దూలానికి ఫోను కట్టి, నేను లాగుతూ వదిన క్లిక్కులు కొడుతూ తీశాం. కంప్యూటర్‌లో కలిపితే పోగులన్నీ వంకర. ఒకచోట సాగింది, ఒకచోట ముడుచుకుంది. మర్నాడు మళ్ళీ తీశాం, మళ్ళీ వంకరే. మూడో రోజు నేను పంచెను బల్ల మీద విసిరేసి కూలబడిపోయాను. గల్లా దగ్గర్నుంచి ఇదంతా చూస్తూనే ఉన్న నాన్న లేచి వచ్చారు.

"బట్టనలా లాగుతారేటే? ఇటివ్వు," అన్నారు.

ఆయన ఊహ తెలిసినప్పటి నుంచి ఆ బల్ల మీద బట్ట కొలుస్తున్న మనిషి. ఎడం చెయ్యి బట్ట మీద ఆనించి, కుడి చేత్తో అంచు పట్టుకుని లాగారు. బట్ట కొలబద్ద గీత దగ్గరికి వచ్చి ఆగింది. సాగలేదు, ముడుచుకోలేదు. వదిన క్లిక్ కొట్టింది. నాన్న మళ్ళీ లాగారు. క్లిక్. అంతలో లంగా ఓణీ సెట్టు కోసం ఒకావిడ కూతుర్ని తీసుకుని వచ్చింది. నాన్న తల ఎత్తకుండానే, కూర్చోమ్మా, పది నిమిషాలు అన్నారు. బేరానికి వచ్చిన మనిషిని కూర్చోమని నాన్న వేరే పని చూసుకోవడం నా జన్మలో అదే మొదటిసారి. అన్నయ్య లెక్కల పుస్తకం మూసి మరీ చూశాడు.

అప్పుడు కూడా కాలేదు, విచిత్రం చూడండి. బొమ్మలు చక్కగా కలిశాయి. కానీ ఉండలు ఏవీ? మామ్మ పడేసిన ఉండలు ఒక్కటీ లేవు. మొదటి ముక్క ఎండలో తీశాం, ఇక్కడ కొట్లో వెలుతురు చాలక, మొహాల మీద మచ్చలు తుడిచేసినట్టు ఫోను తనంతట తానే బట్టను నునుపు చేసి పారేసింది. మామిడికాయలు పైకి కాయించిన తెలివే ఇక్కడా మా నెత్తిన కూర్చుంది. వదిన పట్టిన పట్టు వదలదు, ఒక్కో సెట్టింగు తీసి ఆ బాగుచేసే తెలివినంతా ఆపేసింది. ఇంక నాన్నను ఇంకోసారి లాగమని అడగాలి. నాకు ధైర్యం చాల్లేదు, వదిన వెళ్ళి మావయ్యా అంది. ఆయన చేతులు తుడుచుకుని వచ్చి, ముందులాగే చివరి దాకా లాగారు. 

ఇక ఆ తర్వాత పండగే. అంత బొమ్మ ఫోన్‌లో తెరుచుకోదు కదా అని భయపడ్డాను. ఫోన్‌లో ఊళ్ళ మ్యాపు ఎలా వస్తుందో అలాగే, మనం చూస్తున్న చోటు మాత్రమే వచ్చేలా వదిన రాసింది. శుక్రవారం మధ్యాహ్నం మొదటిసారి తెరిచి వేలితో జరుపుకుంటూ పోయాం. ఒకచోట దారం సన్నం, ఒకచోట కాస్త లావు. ఇంకొంచెం ముందుకు జరిపితే ఏదో గింజ తొక్కు ముక్క పోగులో ఇరుక్కుని ఉంది. ఎంత దూరం జరిపినా చూసింది మళ్ళీ రాదు. మా ఇద్దరికీ పిచ్చి ఆనందం. వదిన బల్ల మీద దరువు వేసింది, నేను మేడ మీంచి కొట్లోకి వినబడేలా నవ్వాను. తెర మీద ఇంత అందమైనది నేను అంతకు ముందు చేయలేదు, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఆదివారం మళ్ళీ అదే హాలు, అవే చాపలు. ఈసారి గోడ మీద చూపించలేదు. ఫోను నేరుగా మామ్మ చేతిలో పెట్టి, వేలు పెట్టి జరుపుకోమన్నాను. ఆవిడ కళ్ళ దగ్గరికంటా తెచ్చుకుని చూసింది. జరిపింది. ఆగింది. వెనక్కి వెళ్ళింది.   పంచె మూడో వంతు దాటాక ఒక పట్టీ వస్తుంది, అక్కడ దారం బొత్తిగా నిలకడ లేకుండా ఉంటుంది. మామ్మ వేలు అక్కడ ఆగిపోయింది.

"ఇదా. ఇది ఆ మూణ్ణాళ్ళదీ," అంది. "నాకు జొరం. లెగలేకపోయీదాన్ని. అలాగే కూకుని వడికేను."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు వంగి చూశారు. అవునవును, వానల్లో కదా అని ఒకావిడ అంది. సెక్రటరీ గారి మొహంలోకి వెలుగు వచ్చింది. నేను అరవబోయి నాలుక కరుచుకున్నాను. మామ్మ ఫోను నా చేతికి తిరిగి ఇస్తూ, దీన్ని ఎవరైనా చూడొచ్చా అని అడిగింది. ఎవరైనా చూడొచ్చు అన్నాను. ఎక్కడి నుంచైనా? ఎక్కడి నుంచైనా మామ్మా.

"అయితే ఆ జొరం ముక్క తీసెయ్," అంది.

 ఆ ముక్క కోసమే కదా వారమంతా చచ్చింది! వాదించబోయాను, ఈసారి వదిన గిల్లకుండానే ఆగాను. మామ్మ చేతుల వైపు చూశాను. ఆవిడకు తన పని మంచిదిగా కనబడాలని ఉంది. మా మిఠాయి కొట్టాయనకు ఉన్న ఆశ ఆవిడకు ఉండకూడదా? కావాలంటే తీసేస్తాను మామ్మా, కానీ అప్పుడిది నువ్వు వడికినది కాకుండా పోతుంది అన్నాను. మెల్లగానే అన్నాను. ఆవిడ ఫోను మళ్ళీ తీసుకుని ఆ పట్టీని ఇంకోసారి చూసింది. పక్కనున్న వాళ్ళు ఏదో చెప్పబోతే చెయ్యి ఊపి ఆపింది.

"సరే, ఉండనీ," అంది చివరికి. "గానీ ఆ పక్కన రాసీ. ఆ దినాలు నాకు జొరమని. నాకు రాక కాదని."

వదిన అక్కడే చాప మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి, మామ్మ అన్న మాటల్ని ఉన్నదున్నట్టు టైప్ చేసింది. బట్టలో ఆ పట్టీని వేలితో తాకితే ఆ మాటలు పైకి వచ్చేలా పెట్టింది. సెక్రటరీ గారు తాకి, పైకి చదివారు. హాలంతా నవ్వింది, మామ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత ఒకావిడ, మనవరాలు పుట్టిన రోజు వడికిన నూలు నా దగ్గర ఉందమ్మా అంది. ఇంకొకావిడ, కరెంటు పోయి చీకట్లో వడికింది నాదీ ఉంది అంది. నాదీ రాయండి, నాదీ రాయండి అని ల్యాప్‌టాప్ చుట్టూ మూగారు. సెక్రటరీ గారు ఆ గోలలోనే నా వైపు వంగి, వీళ్ళందరి బట్టలూ ఇలా తియ్యాలంటే ఎన్నాళ్ళు పడతాదమ్మా అని అడిగారు. విశాఖ వాళ్ళ ప్రస్తావన తేలేదు.

బయటికొచ్చి నాన్నకు ఫోన్ చేశాను. పని మనకే వచ్చింది నాన్నా అని ఒక్క గుక్కలో చెప్పేశాను. అవతల కొట్టు చప్పుడు వినబడుతోంది. ఎవరో రవిక గుడ్డ చించుతున్నారు.

"ఆవిడ పోగు పోగూ సూసిందా?" అన్నారు నాన్న.

చూసింది నాన్నా అన్నాను.

"నేను లాగిన కాడ ఎక్కడైనా వంకరుందందా?"

ఎక్కడా లేదందని చెప్పాను. నిజానికి మామ్మ ఆ మాటే ఎత్తలేదు. ఆయన ఊఁ అన్నారు. బేరం వచ్చిందని చెప్పి, మిగతా పంచెలు ఎప్పుడు తెస్తారో ముందే చెప్పమని ఫోన్ పెట్టేశారు.